మామిడి గుజ్జు ఫ్యాక్టరీ సాఫ్ట్‌వేర్: అట్లే క్లౌడ్‌కి ఎక్కించాలా, ముందు సర్వీసులుగా విడగొట్టాలా?

గుడిపాల_ఐటీ:

అందరికీ నమస్తే. చిత్తూరు పక్కన మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో ఐటీ చూసుకుంటా ఉండాను. ఐటీ అంటే నేనూ ఇంకో తమ్ముడూ, అంతే. ప్రింటర్లో పేపర్ ఇరుక్కున్నా మేమే, సర్వర్ పడిపోయినా మేమే. రవ్వంత పొడుగ్గా రాస్తా ఉండాను, ఓపిక ఉండేవాళ్ళు చదవండి.

మా దగ్గర ఉండేది ఇదీ. గేటు కాడ లారీ కాటా, దానికో పాత వీబీ (విజువల్ బేసిక్) సాఫ్ట్‌వేర్, రాసిచ్చినాయన ఇప్పుడు ఫోన్ ఎత్తడు. లోపల ఒక ఈఆర్‌పీ, అంటే ఫ్యాక్టరీ పనులన్నీ ఒకే తావ చూసే సాఫ్ట్‌వేర్, అందులోనే రైతుల లిస్టు, స్టోర్సు, ప్రొడక్షన్, ల్యాబ్ వాళ్ళు ఎక్కించే బ్రిక్స్ (గుజ్జులో చక్కెర శాతం) రీడింగులు, డ్రమ్ముల బ్యాచ్ నంబర్లు అన్నీ. లెక్కలు ట్యాలీలో. ఈ-ఇన్వాయిస్‌కి వేరే పోర్టల్. ర్యాంపుల (బయట కాయ కొని పోగేసే తావలు) నుంచి వచ్చే లోడ్ల వివరాలైతే వాట్సాప్‌లో ఫోటోలొస్తాయి, వాటిని చూసి మావాళ్ళు మళ్ళీ టైప్ కొడతారు. ఈఆర్‌పీ ఉండే సర్వర్ విండోస్ 2012 ఆర్2, దానికి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2023 అక్టోబర్‌లోనే అయిపాయె, ఆడిట్‌కి వచ్చిన బయ్యర్ మనిషి కూడా మొట్టమొదట దాన్నే అడిగినాడు.

జూన్ నుంచి ఆగస్టు దాకా తోతాపురి సీజన్ కదా, ఆ మూడు నెల్లూ ట్రాక్టర్లూ లారీలూ రాత్రీ పగలూ లేదు, రోడ్డు మీద దాకా లైను, సరిగ్గా అప్పుడే సర్వర్ ముక్కతా మూలగతా ఉంటాది. మిగతా తొమ్మిది నెల్లు దాని మొహం చూసే నాథుడు ఉండడు.

2025 సీజన్లో ఏమైందో మన పక్కోళ్ళందరికీ తెలుసు. తోతాపురి కిలో 12 రూపాయలు, అందులో ఫ్యాక్టరీ 8 ఇవ్వాల, మిగతా 4 గవర్నమెంటు ఇస్తాది అన్నారు. ఈ రేటు లెక్క మాకు కాటా చీటీలో ఒక తావ, ఈఆర్‌పీలో ఒక తావ, అకౌంట్స్ వాళ్ళ ఎక్సెల్‌లో ఇంకో తావ ఉండాది. మూడూ ఒకే పూట మారలేదు. చీటీలో ఒక మొత్తం బిల్లులో ఇంకో మొత్తం వస్తే కౌంటర్ కాడ రైతు నిలదీస్తాడు కదా, అడిగేదాంట్లో న్యాయం ఉండాది.

ఇప్పుడు ఓనర్ గారబ్బాయి అంతా క్లౌడ్‌లో (నెట్ మీద అద్దెకి దొరికే సర్వర్లలో) పెట్టేద్దాం అంటా ఉండాడు. ఒక వెండర్ వచ్చి సర్వర్‌ని ఉండేది ఉన్నట్టే వీఎం (క్లౌడ్‌లో నడిచే నకలు సర్వర్) చేసి ఎక్కించేస్తా, వారం పని అన్నాడు. ఇంకో కన్సల్టెంట్ వచ్చి అట్ల చేయగూడదు, ముందు ఎస్‌ఓఏ (ఒక్కో పనికి ఒక్కో సర్వీసుగా సాఫ్ట్‌వేర్‌ని విడగొట్టే పద్ధతి) రావాల, సర్వీస్ బస్ (ఆ సర్వీసుల మధ్య సమాచారం మోసే సాఫ్ట్‌వేర్) కొనాల అని పెద్ద కొటేషన్ ఇచ్చి పోయినాడు. దీంట్లో ఏది ముందు? రెండూ కలిపి చేస్తే తలకాయ నొప్పి జాస్తి అవుతాదా తగ్గుతాదా? మా సైజు కంపెనీకి అసలు ఎస్‌ఓఏ అవసరమా? ఇంకోటి, వానొస్తే మాకు నెట్ పోతాది. లారీ కాటా మీద ఉన్నప్పుడు క్లౌడ్ అందకపోతే డ్రైవర్‌కి ఏం చెప్పేది?

తిరుచానూరు_రోడ్:

బ్రో బాగా ఎక్కువ ఆలోచిస్తున్నావ్. మేము తిరుపతిలో లాడ్జీలకి బుకింగ్ సాఫ్ట్‌వేర్ చూస్తాం, అట్లే వీఎంలో పెట్టేశాం, బ్రహ్మోత్సవాలప్పుడు సైజు పెంచుతాం, తర్వాత తగ్గించేస్తాం, అంతే కథ. ఎస్‌ఓఏ గీసోఏ అవన్నీ బ్యాంకులకి, ఇన్సూరెన్స్ వాళ్ళకి. నీ 2012 సర్వర్ మాత్రం ముందు తీసెయ్ సామీ, ప్యాచ్‌లు రాని మెషీన్ నెట్‌లో ఉంటే ఫైళ్ళకి తాళం వేసి డబ్బులడిగే ర్యాన్సమ్‌వేర్ వాళ్ళకి పండగే.

పుత్తూరు_టు_చెన్నై:

పైన తమ్ముడు చెప్పింది లాడ్జికి సరిపోతుంది, అక్కడ ఉండేది ఒకటే సాఫ్ట్‌వేర్, గదులు ఖాళీ ఉన్నాయా లేదా అనేది ఒకటే లెక్క. గుజ్జు ఫ్యాక్టరీ సంగతి వేరు. నీ రాతలో నాకు సర్వర్ పాతబడిందనే దానికంటే రేటు మూడు చోట్ల ఉందనేదే పెద్ద జబ్బుగా కనిపిస్తోంది. దాన్ని ఉన్నదున్నట్టు ఎత్తుకెళ్ళి ముంబైలో పెట్టినా హైదరాబాద్‌లో పెట్టినా మూడు చోట్లే ఉంటుంది, కాకపోతే ఇప్పుడు దానికి నెలనెలా బిల్లు కూడా కడతావు.

ఇంటిగ్రేషన్ పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నా కాబట్టి ఎస్‌ఓఏకి పేరు ఎందుకు చెడిందో కొంచెం చెప్తా, ఎందుకంటే నీ కన్సల్టెంట్ ఇంకా ఆ కాలంలోనే ఉన్నట్టున్నాడు. 2000 తర్వాత సోప్, డబ్ల్యూఎస్‌డీఎల్ అని వెబ్ సర్వీసుల స్టాండర్డ్స్ వరసగా వచ్చాయి, సోప్ 1.2 వెబ్ స్టాండర్డ్స్ పెట్టే డబ్ల్యూ3సీ రికమెండేషన్ అయింది 2003లో. ఐడియా మంచిదే, కంపెనీలో ఒక్కో పనికి ఒక్కో సర్వీసు, బయటికి ఒక ఒప్పందం మాదిరి ఇంటర్‌ఫేస్, లోపల ఎట్ల చేసుకుంటావో నీ ఇష్టం. కానీ పెద్ద కంపెనీలు ఏం చేశాయంటే ఈ ఆలోచన వదిలేసి దాని పేరుతో అమ్మే ప్రొడక్టు కొన్నాయి. మధ్యలో ఒక సర్వీస్ బస్ పెట్టి లాజిక్ అంతా అందులో కుక్కారు. అక్కణ్ణుంచి ఏ చిన్న మార్పు కావాలన్నా బస్ టీమ్ దగ్గర టికెట్ వేసి కూచోవడమే. 2009 జనవరిలో బర్టన్ గ్రూప్ అనలిస్టు యాన్ థామస్ మేన్స్ ఎస్‌ఓఏ చచ్చిపోయిందని రాసింది, ఆ వెంటనే సర్వీసులు మాత్రం ఉండాల్సిందేనని కూడా రాసింది, జనాలు మొదటి ముక్క ఒకటే గుర్తుపెట్టుకున్నారు. 2014లో జేమ్స్ లూయిస్, మార్టిన్ ఫౌలర్ రాసిన వ్యాసంతో మైక్రోసర్వీసులు అనే పేరు ఊరంతా పాకింది. లోపలి సరుకు చాలావరకు అదే, మధ్యలో తెలివిగల బస్ తీసేసి తెలివి సర్వీసుల్లోనే ఉంచారు.

ఇప్పుడు క్లౌడ్. అమెజాన్ ఎస్3 (ఫైళ్ళు దాచేది), ఈసీ2 (సర్వర్లు అద్దెకిచ్చేది) రెండూ 2006లో వచ్చాయి, అప్పట్నుంచి కొనకుండా అద్దెకి తీసుకోవడం మొదలైంది. అమెరికా ప్రభుత్వ స్టాండర్డ్స్ సంస్థ నిస్ట్ వాళ్ళు 2011లో క్లౌడ్ అంటే ఏంటో రెండు మూడు పేజీల్లో రాశారు, అందులో ఐదు లక్షణాలు చెప్పారు, నీకు పనికొచ్చేవి రెండు. కావాల్సినప్పుడు సాగడం, వాడినంతకే కొలిచి బిల్లు వేయడం. మూడు నెలలు పీకల్దాకా పని, తొమ్మిది నెలలు ఖాళీ ఉండే వ్యాపారానికి ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది కదా. కానీ అన్ని పనులూ ఒకటే ప్రోగ్రాములో ముద్దగా ఉండే సాఫ్ట్‌వేర్ ఈ రెండింటినీ వాడుకోలేదు. సీజన్లో నీకు ఇరుకయ్యేది కాటా చీటీలు, రైతు బిల్లులు. స్టోర్స్‌లో బేరింగుల లిస్టుకి జూలైలో ఏం రద్దీ ఉంటుంది? అయినా ముద్దని పెంచాలంటే మొత్తం పెంచాలి, వంటగది చాలడం లేదని పక్కన ఇంకో ఇల్లు కట్టినట్టు. పైగా వీఎం సైజు మార్చాలంటే దాన్ని ఆపి లేపాలి, గేటు దగ్గర అరవై లారీలు నిలబడి ఉంటే ఎవడు ఆపుతాడు?

అందుకే రెండూ కలిపే చేయాలంటాను. ముక్కలు ఎక్కడ కొయ్యాలో సర్వీసుల ఆలోచన చెప్తుంది, ఒక్కో ముక్క ఎక్కడ నడిస్తే చవకో క్లౌడ్ చెప్తుంది. బస్ కొనొద్దు. నీ సైజుకి ఒక క్యూ (మెసేజ్‌లని వరసలో దాచి అవతలికి అందించేది), ఒక ఏపీఐ గేట్‌వే (సర్వీసులని పిలవడానికి ఒకటే వాకిలి) చాలు, రెండూ క్లౌడ్‌లో వాడినంతకి దొరుకుతాయి.

ముందు రేటుని బయటికి తియ్. రేటు సర్వీసు అని ఒకటి, దాన్ని అడగాల్సింది ఇంతే: ఈ రకం కాయ, ఈ తేదీ ఈ టైము, రేటెంత? అది ఫ్యాక్టరీ వాటా, గవర్నమెంటు వాటా, తరుగు శాతం విడివిడిగా చెప్పాలి. ప్రతి రేటుకీ ఎప్పట్నుంచి ఎప్పటిదాకా అని ఉండాలి, పాతది చెరిపి కొత్తది రాయకూడదు, ఎందుకంటే పది రోజుల తర్వాత రైతు పాత చీటీ తెస్తే ఆ రోజు రేటే చెప్పాలి కదా. కాటా గానీ ఈఆర్‌పీ గానీ ఎక్సెల్ గానీ రేటు తన దగ్గర పెట్టుకోకుండా దీన్నే అడగాలి. వచ్చే సీజన్లో మళ్ళీ రూలు మారితే ఒక్క లైను ఎక్కిస్తే అయిపోతుంది.

ఇంకో కచ్చితమైన రూలు, ఒక సర్వీసు టేబుల్లోకి ఇంకోటి నేరుగా చెయ్యి పెట్టకూడదు. పేరుకి ఐదు సర్వీసులు, కింద ఒకటే డేటాబేస్, అందరూ అందరి టేబుళ్ళూ చదువుతుంటారు, ఒక కాలమ్ పేరు మారిస్తే ఐదూ పడిపోతాయి. ఈ తప్పు చూసినన్ని చోట్ల నేను ఇంకే తప్పూ చూడలేదు.

ఇక నీ లారీ సంగతి. కాటాని క్లౌడ్‌కి తీసుకెళ్ళకు, అది గేటులోనే ఉండాలి. గేటు పీసీలో చిన్న లోకల్ డేటాబేస్, తూకం ముందు అక్కడ పడాలి, చీటీ అక్కడే ప్రింట్ అవ్వాలి, నెట్ ఉంటే వెంటనే, లేకపోతే వచ్చాక, క్లౌడ్‌లో క్యూకి పంపాలి. రేటు కాపీ కూడా గేటులో ఒకటి ఉంచు, చదవడానికి మాత్రమే. ఇక్కడొక మెలిక ఉంది. నెట్ తెగి వచ్చేటప్పుడు గేటు పీసీకి తను పంపింది చేరిందో లేదో తెలీదు, మళ్ళీ పంపుతుంది. అమెజాన్ మామూలు క్యూ కూడా ఒక మెసేజ్ కనీసం ఒకసారి ఇస్తాననే మాట ఇస్తుంది, ఒక్కసారే ఇస్తానని ఇవ్వదు. అంటే ఒకే లోడు రెండుసార్లు లెక్కలోకి వచ్చి రైతుకి రెండు పేమెంట్లు పోవచ్చు. అందుకని తూకం నంబర్ గేటులోనే పుట్టాలి, కాటా కోడు, తేదీ, వరస నంబర్ కలిపి. అవతలి సర్వీసు ఆ నంబర్ ముందే చూసి ఉంటే సరే అని ఊరుకోవాలి, రెండోసారి రాయకూడదు. ఫిఫో క్యూ (వచ్చిన వరసలోనే ఇచ్చేది) పెట్టుకుంటే డూప్లికేట్లు అదే తీసేస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకు, దానికి గుర్తుండేది 5 నిమిషాలే, మీ ఊర్లో నెట్ అంతకంటే ఎక్కువసేపే పోతుంది. ఒకే నంబర్ రెండోసారి పడకుండా నీ టేబుల్లోనే యూనిక్ పెట్టుకో.

లోడుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి రెండు తూకాలు ఉంటాయి కదా, మధ్యలో గంటలు పట్టొచ్చు. అర్ధరాత్రి రేటు మారితే ఏ తూకం టైముకి రేటు కట్టాలో మీ ఓనర్ తోనే రాయించుకో. అది ఐటీ తీసుకునే నిర్ణయం కాదు.

శ్రీసిటీ_సెకండ్‌షిఫ్ట్:

పుత్తూరన్న చెప్పింది వినడానికి బాగుంది, కానీ అన్నా, ఆయన దగ్గర ఉండేది ఇద్దరు మనుషులు. మీ చెన్నై కంపెనీలో ఒక్కో సర్వీసుకి ఒక టీమ్ ఉంటుంది, రాత్రి రెండింటికి అలారం వస్తే లేచేవాళ్ళకి రోస్టర్ ఉంటుంది. ఇక్కడ ఈ అబ్బాయే లేవాలి, ఈ అబ్బాయే పొద్దున ప్రింటర్ దగ్గరికీ పోవాలి.

నేను శ్రీసిటీలో ఒక ప్లాంట్‌లో ఇదే పని చేస్తాను, మా దగ్గర ఎవరో ఉత్సాహంగా ఒక ఈఆర్‌పీని చిన్న చిన్న ముక్కలు చేసి పెట్టిపోయారు, ఇప్పుడు ఒక డెలివరీ చలానా కొట్టాలంటే ఆరు సర్వీసులు వరసగా మాట్లాడుకోవాలి, ఆరింట్లో ఏది నిద్రపోయినా చలానా రాదు. ముందు ఒకే ప్రోగ్రాములో ఫంక్షన్ కాల్‌గా ఉన్నదాన్ని నెట్‌వర్క్ కాల్ చేశారు, లాభం ఏంటో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. సన్ మైక్రోసిస్టమ్స్‌లో పీటర్ డాయిష్ డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ గురించి జనం పెట్టుకునే తప్పుడు నమ్మకాల లిస్టు రాశాడు, అందులో మొట్టమొదటిదే నెట్‌వర్క్ ఎప్పుడూ ఉంటుందనుకోవడం. ఆయన గుడిపాలలో వానాకాలం చూడలేదు గానీ చూసినట్టే రాశాడు.

నా లెక్కలో మూడంటే మూడు. రేటు, తూకం, ఇన్వాయిస్. ఈ మూడే ఎందుకంటే వీటిలో మార్పు బయట్నుంచి వస్తుంది, గవర్నమెంటు నుంచో సీజన్ నుంచో జీఎస్టీ నుంచో. స్టోర్స్, ప్రొడక్షన్, ల్యాబ్ అంతా ముద్దగానే ఉండనీ, ముద్ద చెడ్డదేం కాదు. దాన్ని సపోర్ట్ ఉన్న కొత్త విండోస్ మీదకి మార్చి వీఎంలో పెట్టు, ఈ విషయంలో తిరుచానూరు రోడ్ తమ్ముడు చెప్పిందే కరెక్ట్.

బిల్లు గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు. వాడినంతకే అంటారు గానీ వాడకపోయినా నడిచే మీటర్లు చాలా ఉన్నాయి. అమెజాన్‌లో ఆర్‌డీఎస్ డేటాబేస్ తీసుకుని ఆఫ్ సీజన్లో ఆపేద్దాం అనుకుంటావు, ఆపితే 7 రోజులకి దానంతట అదే లేస్తుంది, నువ్వు చూసుకోకపోతే బిల్లు పడుతూనే ఉంటుంది. ఆపి ఉన్నా డిస్కుకి అద్దె ఉంటుంది. న్యాట్ గేట్‌వే (లోపలి సర్వర్లు నెట్‌కి పోయే దారి), వీపీఎన్ కనెక్షన్ (ఆఫీసుకీ క్లౌడ్‌కీ మధ్య సొంత దారి) ఇవన్నీ గంటల లెక్క, ఒక్క బైటు పోకపోయినా సరే. అందుకే రేటు, తూకం లాంటి చిన్నవాటిని అమెజాన్ ల్యాంబ్డా లాంటి దాంట్లో రాస్తే మేలు, అది పిలిచినప్పుడే కదిలేది, డిసెంబర్‌లో ఎవరూ పిలవకపోతే దానికయ్యేది దాదాపు ఏమీ ఉండదు. ఈఆర్‌పీ వీఎంకి మాత్రం ఏడాది కమిట్‌మెంట్ తీసుకుంటే తగ్గుతుంది, అది ఎలాగూ రోజూ ఉండాల్సిందే. పైకి పంపే డేటాకి అమెజాన్‌లో డబ్బులుండవు, కిందికి తెచ్చుకునేదానికే, నెలకి 100 జీబీ దాకా ఫ్రీ. కాటా దగ్గర సీసీ కెమెరా వీడియో అంతా పైన పెట్టి రోజూ కిందికి దించుకుని చూద్దాం అని ఓనర్ గారబ్బాయి అంటే మాత్రం ఆపు.

పుత్తూరు_టు_చెన్నై:

మూడుకి నేను ఒప్పుకుంటాను చెల్లీ, కానీ రైతుల రిజిస్టర్ నాలుగోది అవ్వాలి. ర్యాంపుల వాట్సాప్ ఫోటోల గోల పోవాలంటే ర్యాంపు మనిషి ఫోన్లోంచి రైతు పేరు ఎంచుకోగలగాలి, అది ఈఆర్‌పీ లోపల ఉంటే ప్రతి ర్యాంపుకీ ఈఆర్‌పీ లాగిన్ ఇవ్వాల్సి వస్తుంది. అది నీకూ ఇష్టం ఉండదు.

శ్రీసిటీ_సెకండ్‌షిఫ్ట్:

ఇష్టం ఉండదు. సరే నాలుగు, కానీ రెండో సీజన్లో. మొదటి ఏడాదే ర్యాంపుల వాళ్ళకి కొత్త యాప్, గేటులో కొత్త సాఫ్ట్‌వేర్ రెండూ పెడితే జూన్ మొదటి వారం అక్కడ యుద్ధమే.

లెక్కల_మాస్టర్:

మీ కంప్యూటర్ భాష నాకు సగమే అర్థమైంది నాయనా, ఆడిట్ పక్క నుంచి రెండు మూడు ముక్కలు చెప్పి పోతాను.

మీది ప్రైవేట్ లిమిటెడ్ అయితే 2023 ఏప్రిల్ 1 నుంచి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్లో ఎడిట్ లాగ్ ఉండి తీరాలి, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో నమోదవ్వాలి, దాన్ని ఆఫ్ చేసే వీలు ఉండకూడదు. ట్యాలీలో అది ఉంటుంది. కానీ మీరు రైతు బిల్లులు ఈఆర్‌పీలో తయారు చేసి ట్యాలీకి ఒక మొత్తంగా పంపిస్తున్నారనుకోండి, అప్పుడు ఆ ఈఆర్‌పీ ముక్కలో కూడా లాగ్ ఉందా అని ఆడిటర్ అడుగుతాడు, నేనైతే అడుగుతాను. పుత్తూరు అబ్బాయి రేటు చెరపకూడదు అన్నాడు చూడండి, అది మాకూ చాలా సుఖం.

ఇంకోటి, 2022 ఆగస్టులో రూల్స్ సవరించారు, పుస్తకాలు ఎలక్ట్రానిక్‌గా ఉంచితే బ్యాకప్ ఇండియాలో ఉండే సర్వర్లో రోజువారీ ఉండాలి. క్లౌడ్ తీసుకునేటప్పుడు సింగపూర్ కొంచెం చవకని ఎవరైనా అంటే వద్దనండి. అమెజాన్‌కి ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నుంచి సెంటర్లు ఉన్నాయి, మైక్రోసాఫ్ట్‌కి చెన్నైలోనే ఉంది.

ఈ-ఇన్వాయిస్ టర్నోవర్ 5 కోట్లు దాటినవాళ్ళకి 2023 ఆగస్టు 1 నుంచి తప్పనిసరి, ఎక్స్‌పోర్ట్ ఇన్వాయిస్ కూడా అందులోకే వస్తుంది. 10 కోట్లు, ఆ పైన ఉన్నవాళ్ళు 2025 ఏప్రిల్ 1 నుంచి ఇన్వాయిస్ తేదీ నుంచి 30 రోజుల్లోపు పోర్టల్‌కి ఎక్కించాలి, దాటితే పోర్టల్ తీసుకోదు. కాబట్టి మీ ఇన్వాయిస్ ముక్క ఎక్కడైనా ఇరుక్కుని ఉండిపోతే నెలాఖరు దాకా ఎవరూ చూడకుండా ఉండటం కుదరదు. క్యూలో ఏదైనా చిక్కుకుంటే మనిషికి మెసేజ్ రావాలి. వచ్చేది ఐటీ వాళ్ళ ఫోన్‌కి ఒక్కటే కాదు, అకౌంట్స్ హెడ్ ఫోన్‌కి కూడా.

పుత్తూరు_టు_చెన్నై:

మాస్టారు భలే చోటుకి తెచ్చారు. నేను పైన తూకం నంబర్ గురించి గొంతు చించుకున్నది ఈ-ఇన్వాయిస్ పోర్టల్ దేశం మొత్తానికి చేసి చూపిస్తోంది. ప్రతి ఇన్వాయిస్‌కీ ఇచ్చే ఐఆర్‌ఎన్ అనే 64 అక్షరాల నంబర్ ఎక్కణ్ణుంచో పుట్టదు, అమ్మినవాళ్ళ జీఎస్‌టీఐఎన్ (జీఎస్టీ నంబర్), డాక్యుమెంట్ రకం, నంబర్, ఆర్థిక సంవత్సరం కలిపి హ్యాష్ (ఒక ఫార్ములాతో కోడ్‌గా మార్చడం) చేస్తే వచ్చేదే. అదే ఇన్వాయిస్ మళ్ళీ పంపితే హ్యాష్ అదే వస్తుంది, డూప్లికేట్ అని వెనక్కి కొడుతుంది. మీ ఇన్వాయిస్ సర్వీసు ఆ డూప్లికేట్ ఎర్రర్‌ని ఫెయిల్ అనుకోకూడదు, ముందే అయిపోయిందని తీసుకుని పాత ఐఆర్‌ఎన్ తెచ్చుకోవాలి. చాలా సాఫ్ట్‌వేర్లు ఎర్రర్ అని ఎర్రగా చూపించి ఊరుకుంటాయి, ఆపరేటర్ భయపడి ఇన్వాయిస్ నంబర్ మార్చి కొత్తది కొడతాడు, అప్పుడు నిజంగానే రెండు అవుతాయి. దాన్ని 24 గంటల్లోపు క్యాన్సిల్ చేయకపోతే మళ్ళీ మాస్టారి దగ్గరికే పోవాలి.

సర్వీసు బయటి ఒప్పందం ఎట్ల ఉండాలో నేర్చుకోవాలంటే దాన్నే చూడు. నువ్వు ట్యాలీ వాడుతున్నావా ఎస్‌ఏపీ వాడుతున్నావా అని అది అడగదు, ఈ ఫార్మాట్లో జేసన్ (డేటా రాసే ఒక పద్ధతి) పంపు, సంతకం చేసిన క్యూఆర్ ఇస్తాను అంటుంది, అంతే.

గుడిపాల_ఐటీ:

అన్నా, అక్కా, మాస్టారూ, శానా థ్యాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. తిరుచానూరు రోడ్ బ్రో, నీ మాట ప్రకారం 2012 ముందు పోతాది, అది గ్యారంటీ.

రెండు డౌట్లు. ఒకటి, కాటా సాఫ్ట్‌వేర్ సోర్స్ మా దగ్గర లేదు, రాసినాయన దొరకడు, మరి దాన్ని రేటు సర్వీసుని అడిగేటట్టు ఎట్ల మార్చేది? రెండు, ట్యాలీని ఏం చేయాల? అకౌంట్స్ మేడం ట్యాలీ మీద చెయ్యి వేస్తే ఊరుకోదు.

ఓనర్ గారబ్బాయికి కూడా ఈ తూకం డూప్లికేట్ సంగతి చెప్పినా. ఒకే లోడుకి రెండు పేమెంట్లు పోవచ్చు అనేటప్పటికి దుడ్లు అనే మాట విని ఫస్ట్ టైమ్ ఫోన్ పక్కన పెట్టి విన్నాడు.

శ్రీసిటీ_సెకండ్‌షిఫ్ట్:

కాటా సాఫ్ట్‌వేర్‌ని మార్చొద్దు, పక్కకి పెట్టేయ్. దాని వెనక ఉండే ఇండికేటర్ డబ్బా చూడు, చాలావాటికి ఆర్‌ఎస్232 సీరియల్ పోర్టు ఉంటుంది, అందులోంచి బరువు అంకెలు అక్షరాలుగా వస్తూనే ఉంటాయి. మాన్యువల్‌లో బాడ్ రేటు (అంకెలు వచ్చే వేగం), ఫార్మాట్ రాసుంటుంది, లేదంటే ల్యాప్‌టాప్ తగిలించి చూస్తే తెలిసిపోతుంది. దాన్ని చదివే చిన్న ప్రోగ్రాము రాసుకోవడం మీ ఇద్దరికీ పెద్ద పని కాదు. అంకె నిలకడగా ఉందా ఊగుతోందా అని ఫ్లాగ్ కూడా చాలావాటిలో వస్తుంది, నిలకడ అయ్యాకే తీసుకో, డ్రైవర్ ఇంకా బండి కదిలిస్తుండగానే ఎంటర్ కొట్టే ఆపరేటర్లు ఉంటారు. ఒక నెల పాతదీ కొత్తదీ రెండూ నడిపి, రోజు చివర టోటల్స్ కలుస్తున్నాయా చూసుకుని అప్పుడు పాతది ఆపు. ఇదంతా మార్చి, ఏప్రిల్‌లోనే అయిపోవాలి, మే దాటితే ముట్టుకోకు.

ట్యాలీ ఎక్కడుందో అక్కడే ఉండనీ, మేడం గారికి తెలియనే అక్కర్లేదు. ట్యాలీ హెచ్‌టీటీపీలో ఎక్స్‌ఎంఎల్ తీసుకుంటుంది, మామూలుగా 9000 పోర్టు. ఆఫీసులోనే ఒక చిన్న ప్రోగ్రాము పెట్టు, అది క్లౌడ్ క్యూలోంచి రైతు బిల్లులు తెచ్చుకుని వోచర్లుగా మార్చి ట్యాలీకి ఇస్తుంది. కాల్ ఎప్పుడూ లోపల్నుంచి బయటికే పోవాలి. ఆ 9000ని రౌటర్లో ఫార్వర్డ్ చేసి నెట్‌కి తెరిచినవాళ్ళని చూశాను, చచ్చినా ఆ పని చేయకు.

పుత్తూరు_టు_చెన్నై:

దీనికి ఒకటే కలుపుతా. ట్యాలీకి పంపే వోచర్లో తూకం నంబర్ రెఫరెన్సుగా పెట్టించు. బ్యాచ్ రికార్డులో కూడా అదే నంబర్ ఉంటే రేపు బయ్యర్ ఒక డ్రమ్ము చూపించి ఇది ఏ తోట కాయ అని అడిగితే డ్రమ్ము నుంచి బ్యాచ్, బ్యాచ్ నుంచి ఆ షిఫ్టులో పడిన తూకాలు, అక్కణ్ణుంచి రైతులు దాకా పోవచ్చు. కాయలు కలిసిపోతాయి కాబట్టి ఒక్క రైతు అని చెప్పలేవు, ఆ షిఫ్టు వాళ్ళు ఫలానా అని చెప్పగలవు, చాలామంది బయ్యర్లు అడిగేది కూడా అంతే.

తిరుచానూరు_రోడ్:

ఇంతసేపూ చదివా, సరే నేను చెప్పింది సగమే అని ఒప్పుకుంటా గానీ, బ్రో, వెండర్‌తో వీఎం పని చేయించుకునేటప్పుడు క్లౌడ్ అకౌంట్ వాడి మెయిల్ ఐడీతో ఓపెన్ చేయనీకు. మాకు తెలిసిన ఒక లాడ్జికి అదే అయింది, వెండర్‌తో చెడింది, రూట్ లాగిన్ (అకౌంట్ మొత్తానికి అధికారం ఉండే లాగిన్) వాడి దగ్గర, ఓటీపీ వాడి ఫోన్‌కి. కంపెనీ మెయిల్, కంపెనీ కార్డు, రూట్‌కి ఎంఎఫ్‌ఏ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్ కోడ్ కూడా అడిగేది) పెట్టి ఆ ఫోన్ ఓనర్ దగ్గర ఉంచు. వెండర్‌కి వేరే యూజర్ చేసి ఇవ్వు, పని అయిపోగానే తీసెయ్. బడ్జెట్ అలర్ట్ కూడా ఆ రోజే పెట్టేయ్, ఓనర్ గారబ్బాయి ఫోన్‌కే పంపు.

గుడిపాల_ఐటీ:

పెడతా బ్రో. రేటు టేబుల్ ఎట్ల ఉండాలో రేపు రాసి ఇక్కడే పెడతాను, తరుగు శాతం కాయ రకానికా లోడుకా అనేది కొనుగోలు సెక్షన్ వాళ్ళని ఇంకా అడగాల. వాళ్ళలో వాళ్ళకే ఒక మాట మీద లేదు.